పాత హైబ్రిడ్ కారు కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెకండ్ హ్యాండ్‌లో హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజినూ బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న కారు, కొందామనుకుంటున్నానని నలుగురిలో అనండి. ముగ్గురు ఒకే మాట అంటారు: "బ్యాటరీ పోతే?" నాలుగో ఆయన అదే అడగబోయి ఆగిపోయి ఉంటాడు. కొన్నేళ్లుగా నా కోసం, స్నేహితుల కోసం, వాళ్ల బావమరుదుల కోసం పాత హైబ్రిడ్ బళ్లు చూస్తూనే ఉన్నాను. నేను వద్దని వెనక్కి తిరిగొచ్చిన బళ్లలో బ్యాటరీ కారణంగా వదిలేసినవి కొన్నే. ఎటు పోతోందో తెలియకుండా తగ్గిపోయే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), దుమ్ముతో పూడిపోయిన ఫ్యాను, ఎవరో తెలిసీ తెలియక చేసిన రిపేరు, ఇవే ఎక్కువసార్లు నన్ను వెనక్కి పంపాయి. నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను మెకానిక్‌ని కాను. అయితే బండి కింద దూరి చూసే మెకానిక్‌ల పక్కన చాలాసార్లు టార్చి పట్టుకుని నిలబడ్డాను.

హైబ్రిడ్‌లన్నీ ఒకటేనా? ఏ రకం ఎక్కువ కాలం నమ్మకంగా నడుస్తుంది?

ఒకటి కాదు. "హైబ్రిడ్ కొనొచ్చా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు "ఏ హైబ్రిడ్" అని నేను అడిగేది అందుకే.

టయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది, 2000 నుంచి మిగతా దేశాల్లో అమ్మారు. అందులో మామూలు గేర్‌బాక్స్ ఉండదు. ఒక ప్లానెటరీ గేరు సెట్టు (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక), రెండు మోటార్లు, ఒక ఇంజిన్ కలిసి పనిచేస్తాయి. క్లచ్ లేదు, స్టార్టర్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. అరిగిపోయే భాగాలు మామూలు బండి కంటే తక్కువ. జనం హైబ్రిడ్ అనగానే "అందులో రెండు బళ్ల యంత్రాలున్నాయి, రెండింతల రిపేర్లు" అనుకుంటారు. ఈ రకంలో మాత్రం లెక్క తిరగబడింది. ఫోర్డ్ పాత ఎస్కేప్ హైబ్రిడ్ కూడా ఇదే పద్ధతి.

హోండా పాత పద్ధతిలో ఇంజినుకీ గేర్‌బాక్సుకీ మధ్య పల్చటి మోటారు ఒకటి ఉంటుంది. అందులో చిన్న బ్యాటరీ మీద భారం ఎక్కువ. ముఖ్యంగా 2006 నుంచి 2008 వరకు వచ్చిన సివిక్ హైబ్రిడ్‌లలో బ్యాటరీలు తొందరగా నీరసించాయి. వాటిని కాపాడ్డానికి సాఫ్ట్‌వేర్ మారిస్తే బండి ఊపు తగ్గిందని యజమానులు గొడవ చేశారు. ఆ తర్వాత హోండా తెచ్చిన రెండు మోటార్ల పద్ధతి వేరే కథ, దానికి ఈ మచ్చ అంటగట్టకండి. హ్యుందాయ్ అయోనిక్, కియా నీరోల్లో ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉంటుంది. అంటే క్లచ్ కూడా చూసుకోవాలి.

ఇక "మైల్డ్ హైబ్రిడ్" అని రాసి ఉంటే అది బెల్టుతో ఇంజినుకు చెయ్యి అందించే చిన్న మోటారు మాత్రమే. మామూలు పెట్రోలు బండిలాగే చూసి కొనండి. బెల్టు, దాని టెన్షనర్ అరిగాయేమో అదనంగా చూస్తే చాలు.

బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది?

పదేళ్లు దాటిన బండైతే "ఇది నా చేతిలో ఉండగానే పోవచ్చు" అనుకునే కొనండి. పదిహేనేళ్లు దాటినా ఫ్యాక్టరీలో వేసిన బ్యాటరీతోనే తిరిగే బళ్లూ ఉన్నాయి.

అది అంత కాలం ఎలా నిలుస్తుందో తెలిస్తే భయం కాస్త తగ్గుతుంది. మన ఫోన్ బ్యాటరీని నూరు శాతానికి నింపి, సున్నా దాకా పిండేస్తాం. హైబ్రిడ్ కంప్యూటర్ అలా చెయ్యనివ్వదు. సుమారు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతుంది. తెర మీద బ్యాటరీ "నిండింది" అని చూపించినా అది నిజంగా నిండినట్టు కాదు.

రెండో తరం ప్రియస్ బ్యాటరీలో 28 మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో ఆరు సెల్స్, మొత్తం 168. ఒక్కో సెల్ 1.2 వోల్టులు కాబట్టి అన్నీ కలిపి 201.6 వోల్టులు. ఇవన్నీ గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. గొలుసులో ఒక్క లంకె నీరసించినా మొత్తం ప్యాక్ "పోయింది" అని బండి చెబుతుంది. చాలా సందర్భాల్లో పోయేది అంతా కాదు, ఒకటో రెండో మాడ్యూళ్లు. ఈ సంగతి వల్ల మంచీ ఉంది, మోసానికి దారీ ఉంది. దాని గురించి కిందకొస్తే చెబుతాను.

అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో ఒక పరీక్ష చేసింది. 2 లక్షల మైళ్లు, అంటే 3 లక్షల 20 వేల కిలోమీటర్లు దాటిన 2002 ప్రియస్ ఒకటి తీసుకుని, పదేళ్ల కిందట తాము కొత్త ప్రియస్ మీద తీసిన అంకెలతో పోల్చింది. మైలేజీ గ్యాలనుకు 40.6 నుంచి 40.4 మైళ్లకు తగ్గింది, అంతే. ఒక్క బండి చూసి అన్నీ అలాగే ఉంటాయనుకోకూడదు. అయితే "అయిదేళ్లకే చచ్చిపోతుంది" అనే మాటకు ఆ బండి గట్టి జవాబు.

తక్కువ తిరిగిన పాత బండి మేలా, ఎక్కువ తిరిగిన కొత్త మోడల్ మేలా?

నన్నడిగితే రెండోది. మామూలు కార్లలో కిలోమీటర్లకు భయపడటం మనకు అలవాటు. హైబ్రిడ్ బ్యాటరీకి వయసూ వేడీ ఎక్కువ కీడు చేస్తాయి. రోజూ తిరిగే బండిలో మాడ్యూళ్లన్నీ ఒక సమంలో ఉంటాయి, నెలల తరబడి పడి ఉన్న బండిలో ఒక్కోటి ఒక్కో దారి పడుతుంది.

ఒకసారి పదకొండేళ్ల బండి, మీటరు మీద 38 వేల కిలోమీటర్లే ఉన్నది చూడ్డానికి వెళ్లాం. సీటు కవర్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. మా స్నేహితుడు చూడగానే మనసు పారేసుకున్నాడు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే తెర మీద బ్యాటరీ గీతలు ఆరు నుంచి రెండుకి జారిపోయాయి, దిగేసరికి మళ్లీ నిండిపోయాయి. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెంబులో పట్టే నీళ్లే పట్టే కుండ అన్నమాట. ప్లాస్టిక్ కవర్లు మాత్రం నిజంగా బాగున్నాయి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

ముందుగా ఒక షరతు పెట్టండి: మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకూడదు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి. చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు.

కొన్ని టయోటాల్లో డ్రైవర్ తలుపు తెరవగానే బ్రేకు పంపు కొన్ని సెకన్లు గుయ్‌మంటుంది. అది జబ్బు కాదు. బండి కదలకుండా నిలబడి ఉండగా, బ్రేకు తొక్కకపోయినా, మాటిమాటికీ గుయ్ గుయ్ మంటుంటే అది జబ్బు, ఖరీదైన జబ్బు.

బటన్ నొక్కగానే "రెడీ" దీపం వెలగాలి. కొన్ని సెకన్లకు ఇంజిన్ అదంతట అదే అందుకోవచ్చు. ఆ మొదటి పది సెకన్లు రేడియో ఆపి, మాటలు ఆపి వినండి. దడదడ ఊగిపోయి తర్వాత సర్దుకుంటే జాగ్రత్త. ఎందుకో ఇంజిన్ ప్రశ్నలో చెబుతాను.

కనీసం అరగంట నడపండి. ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని, ఎత్తు ఎక్కించండి. ఎనర్జీ తెర పెట్టి పక్కవాళ్లను చూడమనండి. బ్యాటరీ గీతలు నిదానంగా ఎక్కాలి, నిదానంగా దిగాలి. గబగబా ఎక్కి గబగబా దిగితే సామర్థ్యం పోయిందన్నట్టే. పొడవాటి దిగువలో బ్యాటరీ నిండిపోయాక ఇంజిన్ గట్టిగా రొద పెడితే కంగారు పడకండి. నిండిన బ్యాటరీలోకి ఇంక పంపలేక ఇంజిన్‌నే బ్రేకుగా వాడుతోంది.

ఎక్కువమంది చెయ్యని పరీక్ష ఒకటుంది. టయోటా రకం హైబ్రిడ్‌లో వెనక్కి నడిపేది ఎలక్ట్రిక్ మోటారు ఒక్కటే, ఇంజిన్ చక్రాలను వెనక్కి తిప్పలేదు. కాబట్టి ఎత్తు మీదకు రివర్స్‌లో ఎక్కించి చూడండి. బ్యాటరీ నీరసంగా ఉంటే అక్కడ ఆయాసపడిపోతుంది.

స్కానర్ పెట్టి చూడటం అవసరమా?

అవసరమే. స్కానర్ లేకుండా పాత హైబ్రిడ్ కొనడం నాడి చూడకుండా మందు రాసినట్టు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చే చిన్న బ్లూటూత్ రీడర్, ఫోన్‌లో హైబ్రిడ్‌ల కోసం చేసిన యాప్, ఈ రెండూ చాలు. ప్రియస్ లాంటి వాటికి డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ యాప్‌లు జనం బాగా వాడతారు.

మొదట కోడ్లు, అంటే బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పుల నంబర్లు చూడండి. పి0ఏ80 వస్తే బ్యాటరీ మార్చమని బండి అడుగుతోంది. పి0ఏఏ6 వస్తే హై వోల్టేజి ఎక్కడో బాడీలోకి కారుతోంది. అది బ్యాటరీ కావచ్చు, మోటారు కావచ్చు, ఏసీ కంప్రెసర్ కావచ్చు. వెతికి పట్టుకోవడమే ఒక పని. పి0ఏ93 వస్తే ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటార్లకు పనికొచ్చేలా మార్చే పెట్టె) చల్లబడటం లేదు.

కోడ్లేవీ లేకపోతే సంతోషించేముందు ఇంకొకటి చూడండి: "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం". చాలా యాప్‌లు దీన్ని చూపిస్తాయి. అక్కడ 9 కిలోమీటర్లు అని ఉందనుకోండి, మీరు వచ్చేముందు ఎవరో పలక తుడిచారని అర్థం. "12 వోల్టుల చిన్న బ్యాటరీ కొత్తది వేశామండీ, అందుకే చెరిగాయి" అంటారు. నిజమూ కావచ్చు. వందా రెండొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లు సరే అంటారు.

ఆ తర్వాత బ్లాకుల వోల్టేజీలు. రెండు, మూడో తరం ప్రియస్‌లలో 28 మాడ్యూళ్లను రెండేసి చొప్పున 14 బ్లాకులుగా కొలుస్తారు. నిలబడి ఉన్నప్పుడు అన్నీ దాదాపు సమానంగా ఉంటాయి, పాడైన ప్యాక్ కూడా. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ, బ్రేకు వేసినప్పుడూ చూడాలి. అన్నీ కలిసి దిగి కలిసి ఎక్కితే మంచిది. పదమూడు ఒక దారిన పోతుంటే ఒకటి మాత్రం దబ్బున కిందపడి, ఛార్జింగ్‌లో అందరికంటే పైకి లేస్తే, ఆ బ్లాకే రోగి. తేడా ఒక వోల్టుకు దగ్గరైతే పి0ఏ80 ఎంతో దూరం లేదు.

"బ్యాటరీ కొత్తగా మార్పించాం" అంటున్నారు. నమ్మొచ్చా?

"మార్పించాం" అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. కంపెనీ కొత్త ప్యాక్ వేశారు. లేదా వేరే పాత బళ్లలోంచి తీసిన మాడ్యూళ్లు ఏరి, కూర్చి, "రీకండిషన్డ్" అని వేశారు. లేదా చెడిపోయిన ఒక్క మాడ్యూల్ తీసి ఇంకో పాతది పెట్టారు.

మొదటిది బంగారం. రెండోది చేసినవాళ్లను బట్టి. మూడోది చూస్తే నాకు కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత గుర్తొస్తుంది. ఒకదాన్ని మార్చగానే దాని పక్కనున్న అదే వయసు మాడ్యూల్ తర్వాతి బలహీనమైనది అవుతుంది. కొన్ని నెలలకు మళ్లీ తెర మీద ఎర్ర త్రికోణం హెచ్చరిక. అమ్మే ముందు ఈ పని చేయించి దాటించేసేవాళ్లు లేకపోలేదు.

బిల్లు అడగండి. బిల్లులో "కొత్త ప్యాక్" అని ఉందా, ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, వారంటీ ఎంత, అది కొన్నవాళ్లకు బదిలీ అవుతుందా అని చూడండి. బిల్లు లేకపోతే బ్యాటరీ పాతదేనని లెక్కేసుకుని బేరం మొదలుపెట్టండి.

వెనక సీటు పక్కన ఉన్న జాలీ ఏంటి?

అది బ్యాటరీ ముక్కు. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీ వెనక సీటు కిందో డిక్కీలోనో ఉంటుంది. క్యాబిన్‌లోని చల్లగాలి ఆ జాలీలోంచి లాగి ఒక ఫ్యాను దాన్ని చల్లబరుస్తుంది. దానికి అడ్డంగా సంచులు, దుప్పట్లు, పిల్లల బొమ్మలు పెడితే బ్యాటరీకి ఊపిరాడదు.

ఒక బండిలో నేనే ఆ ఫ్యాను విప్పించి చూశాను. యజమాని ఇంట్లో రెండు కుక్కలు. ఫ్యాను రెక్కల మధ్య కుక్క వెంట్రుకలు, దుమ్ము కలిసి గట్టిపడి, చెప్పు అడుగు అట్టంత మందాన పొరలా ఊడొచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం కదలడం లేదు. ఎన్ని వేసవులు ఆ బ్యాటరీ అలా ఉడికిందో! సర్వీస్ పుస్తకంలో మాత్రం అన్ని ముద్రలూ సరిగ్గా ఉన్నాయి.

చూడ్డానికి వెళ్లినప్పుడు టార్చి వేసి ఆ జాలీలోకి చూడండి. ఏసీ లేకుండా ఎండలో కాసేపు నడిపాక ఫ్యాను పెద్దగా రొద చేస్తే, అదీ గుర్తు పెట్టుకోండి.

ఇంజిన్ సంగతి? పెట్రోలు ఇంజినే కదా, ఏం భయం?

భయపడాల్సింది ఇక్కడే.

మూడో తరం ప్రియస్ 2009లో వచ్చింది, 2015 దాకా నడిచింది. దాని 1.8 లీటర్ల ఇంజిన్‌నే లెక్సస్ సీటీ200హెచ్, ఆరిస్ హైబ్రిడ్ లాంటి వాటిలోనూ పెట్టారు. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ అనే భాగం ఇందులో ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులో మసి పేరుకుని మూసుకుపోతుంది. దాంతో సిలిండర్లకు చల్లటి పొగ సమానంగా అందక కొన్ని ఎక్కువ వేడెక్కుతాయని, చివరికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ సిలిండర్లకీ మధ్య బిగించే పల్చటి రేకు) పోతుందని వాటిని రోజూ విప్పే మెకానిక్‌లు చెబుతారు. గ్యాస్కెట్ సందులోంచి రాత్రంతా ఒక్కో చుక్కగా కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున స్టార్ట్ చెయ్యగానే ఆ సిలిండర్ నీళ్లు మింగినట్టు దగ్గుతుంది, బండి దడదడలాడుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. ఇందాక మొదటి పది సెకన్లు వినమన్నది దీని కోసమే.

పట్టుకోవడం ఎలా? కూలెంట్ డబ్బా చూడండి. మట్టం కనీస గీత కింద ఉండి, కింద ఎక్కడా కారిన మరకలు లేకపోతే అది ఎక్కడికి పోతోంది? డబ్బా అప్పుడే తళతళలాడేలా నింపి ఉన్నా నాకు అనుమానమే. మీ మెకానిక్‌తో ప్లగ్గులు విప్పించి బోర్‌స్కోప్ (సిలిండర్‌లోకి దూర్చి చూసే సన్నటి కెమెరా) పెట్టించండి. నాలుగు పిస్టన్లలో మూడు మసిపట్టి, ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా మెరిస్తే విషయం తెలిసిపోయినట్టే. ఈజీఆర్ కూలర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ శుభ్రం చేయించిన బిల్లు ఉంటే ఆ యజమానికి బండి తెలుసని అర్థం. అలాంటి బండికి కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఆయిల్ తాగడం ఈ ఇంజిన్‌లో ఇంకో చిక్కు. డిప్‌స్టిక్ తీసి చూడటానికి అర నిమిషం పడుతుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ తక్కువ తిరుగుతుందని ఆయిల్ మార్చడం వాయిదా వేసేవాళ్లు ఎక్కువ. అది తప్పు లెక్క. ఇంజిన్ మాటిమాటికీ ఆగి చల్లబడి మళ్లీ మొదలవుతుంది, ఆయిల్ మీద భారం తగ్గదు.

గేర్‌బాక్స్?

టయోటా రకానిది మహా గట్టిది. ఆయిల్ "జీవితాంతం మార్చక్కర్లేదు" అంటే వినకండి. లక్ష కిలోమీటర్లకోసారి మార్పిస్తే చాలు. డ్యూయల్ క్లచ్ ఉన్నవాటిలో ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపులు వస్తున్నాయేమో చూడండి.

ఇన్వర్టర్ పోతుందంటారు, నిజమేనా?

పోతుంది, తరచుగా కాదు. 2014 ఫిబ్రవరిలో టయోటా ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల మూడో తరం ప్రియస్‌లను ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిచింది. 2018 అక్టోబరులో మరో 24 లక్షల హైబ్రిడ్‌లను పిలిచింది, నడుస్తుండగా శక్తి పోయే ప్రమాదం ఉందని. మీరు చూసే బండికి ఈ పనులు జరిగాయో లేదో ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ సర్వీస్ కేంద్రంలో తెలుస్తుంది. జరగకపోతే కొనేముందే చేయించమనండి.

ఇన్వర్టర్‌కు వేరే కూలెంట్ డబ్బా ఉంటుంది. రెండో తరం ప్రియస్‌లో దాని పంపు పోవడం మామూలే. "రెడీ"లో పెట్టి డబ్బా మూత తీసి చూడండి. లోపల ద్రవం సుడి తిరుగుతూ కదులుతుంటే పంపు బతికే ఉంది. చెరువు నీళ్లలా కదలకుండా ఉంటే పంపు పోయింది. పంపు చిన్న ఖర్చు. అది పోయిందని తెలియక తిరిగితే ఇన్వర్టరే పోతుంది, అది పెద్ద ఖర్చు.

బ్రేకులు ఎక్కువ కాలం వస్తాయట కదా?

ప్యాడ్లు వస్తాయి. లక్ష దాటినా సగం మిగిలే ఉంటాయి. వాడకం తక్కువై డిస్కులు తుప్పు పట్టడం, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోవడం అసలు సమస్య. పంపు శబ్దం గురించి పైన చెప్పాను కదా, బ్రేకుల్లో భయపడాల్సింది అదే.

ఏసీ రిపేరు చేయించిన బండి అయితే?

ఎక్కడ చేయించారో అడగండి. చాలా హైబ్రిడ్‌లలో ఏసీ కంప్రెసర్ బెల్టుతో కాదు, హై వోల్టేజి కరెంటుతో తిరుగుతుంది. కంప్రెసర్ లోపలి మోటారు దాని ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి కరెంటు పారనివ్వని ప్రత్యేకమైన ఆయిల్ వాడాలి. మామూలు కార్లకు పోసే ఆయిల్ కాస్త పడినా చాలు, ఇన్సులేషన్ దెబ్బతిని పి0ఏఏ6 వస్తుంది. ఒకాయన ఇలాగే గ్యాసు నింపించుకున్నాడు. నెలకు బండి స్టార్ట్ కాలేదు. ముందు బ్యాటరీ అనుకున్నారు, తర్వాత మోటారు అనుకున్నారు, చివరికి దోషి ఏసీ ఆయిల్ అని తేలింది. నింపినవాళ్లు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.

12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుందా?

ఉంటుంది. కంప్యూటర్లను లేపేది అదే. అది నీరసిస్తే తెర మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగి గుండె ఆగినంత పని చేస్తాయి. ఏ హెచ్చరిక వచ్చినా మొదట మల్టీమీటరు పెట్టి దీన్నే చూడాలి. బండి ఆపి ఉన్నప్పుడు 12.5 దగ్గర, "రెడీ"లో 14 దగ్గర ఉండాలి. హ్యుందాయ్ అయోనిక్ హైబ్రిడ్‌లో ఇది విడిగా ఉండదు, పెద్ద ప్యాక్‌లోనే లిథియంగా కలిసిపోయి ఉంటుంది. చచ్చిపోతే లేపడానికి డ్యాష్‌బోర్డులో ఒక బటన్ ఉంటుంది.

వరదలో మునిగిన బండి బాగు చేశామంటున్నారు, ధర చాలా తక్కువ.

వద్దు.

మామూలు బండైతే ఏదో ఒక ధర దగ్గర ఆలోచించేవాణ్ని. హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనక సీటు దగ్గర నేల మట్టానికే ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వెళ్లి ఉంటే మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలకు పచ్చటి చిలుము పట్టడం ఖాయం, ఆరు నెలలకో ఏడాదికో బయటపడుతుంది. చెప్పకుండా అమ్మేవాళ్లూ ఉంటారు. డిక్కీ చాప ఎత్తి స్పేర్ టైరు గుంటలో మట్టి చార ఉందేమో, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మరక ఉందేమో చూడండి.

రోడ్ల మీద ఉప్పు చల్లే చలి ప్రాంతాల్లో తిరిగిన బండికి తుప్పు ఇంకో శత్రువు. 2019 నుంచి వచ్చిన నాలుగు చక్రాల డ్రైవ్ టయోటా రావ్4 హైబ్రిడ్‌లలో వెనక మోటారుకు వెళ్లే హై వోల్టేజి కేబుల్ కనెక్టరు తుప్పు పట్టి చాలామంది ఇబ్బంది పడ్డారు. లిఫ్టు మీదకు ఎక్కించి ఆ కనెక్టరు చూడనిదే అది కొనకండి. పైకి ఎక్కించారు కాబట్టి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా చూసెయ్యండి. హైబ్రిడ్‌లవాటిలో విలువైన లోహాలుంటాయని దొంగలు కోసుకుపోతారు, దాని బదులు నాసిరకంది వెల్డింగ్ చేసి ఉంటారు.

టాక్సీగా తిరిగిన బండి కొనొచ్చా?

కాగితాలుంటే కొనొచ్చు. టాక్సీ డ్రైవర్లు హైబ్రిడ్‌లను ఎగబడి కొంటారంటేనే అవి నిలుస్తాయని అర్థం చేసుకోవచ్చు. రోజంతా తిరిగే బండిలో ఇంజిన్ వేడిగానే ఉంటుంది, బ్యాటరీ చురుగ్గా ఉంటుంది. సీట్లు, సస్పెన్షన్, తలుపుల అతుకులు మాత్రం నలిగిపోయి ఉంటాయి. కాగితాలు లేని టాక్సీకి, మీటరు వెనక్కి తిప్పిన టాక్సీకి దూరంగా ఉండండి. స్టీరింగ్ తోలు అద్దంలా నునుపుగా అరిగి, మీటరు 60 వేలు చూపిస్తుంటే ఏది నిజమో మీకే తెలుస్తుంది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసుకునేది) అయితే ఇంకేం చూడాలి?

పూర్తిగా ఛార్జ్ చేయించి, ఇంజిన్ అందుకోకుండా ఎంత దూరం పోతుందో నడిపి చూడండి. కొత్తప్పుడు కంపెనీ చెప్పిన దూరంతో పోలిస్తే బ్యాటరీలో ఎంత మిగిలిందో అదే చెబుతుంది. ఈ ఒక్క విషయంలో ప్లగ్-ఇన్ కొనడం తేలిక. ఛార్జింగ్ కేబుల్ ఉందో లేదో మర్చిపోకుండా అడగండి. కొందరు ఎప్పుడూ కరెంటు మీదే తిప్పి పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో మురగబెడతారు. షెవర్లె వోల్ట్ అయితే పెట్రోలు ఏడాది పాతబడితే తానే ఇంజిన్ నడిపి ఖర్చు చేసేస్తుంది. అన్ని బళ్లకూ ఆ తెలివి లేదు.

నేను తక్కువ తిరుగుతాను. హైబ్రిడ్ నాకు గిట్టుబాటా?

లెక్క వేద్దాం. మామూలు బండి లీటరుకు 15, హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. ఏడాదికి 6 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మిగిలేది 127 లీటర్లు. 25 వేలు తిరిగేవాళ్లకు 530 లీటర్లు. మొదటివాళ్లు పాత హైబ్రిడ్ కొని, రెండేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తే ఆదా అంతా దానికే పోతుంది. పైగా ఆగుతూ సాగే ట్రాఫిక్‌లోనే హైబ్రిడ్ లాభం ఎక్కువ, హైవే మీద తేడా తగ్గిపోతుంది. తక్కువ తిరిగేవాళ్లకు మంచి పెట్రోలు బండే కొనుక్కోమని చెబుతాను, హైబ్రిడ్ అంటే నాకెంత ఇష్టమున్నా.

బేరం ఎలా ఆడాలి?

చూడ్డానికి వెళ్లేముందే ఆ మోడల్‌కు కొత్త బ్యాటరీ ఎంత, బిగించే కూలి ఎంత కనుక్కోండి. పదేళ్లు దాటిన బండి, బ్యాటరీ మార్చిన బిల్లు లేదు అంటే ఆ మొత్తాన్ని మీరు ఇవ్వదలచుకున్న ధరలో కలిపేసుకోండి. అలా కలిపాక కూడా బాగుందనిపిస్తేనే ముందుకెళ్లండి. అమ్మేవాళ్లు "మైలేజీ చూడండి, తెర మీద 24 చూపిస్తోంది" అంటారు. తెర చూపించేది కాస్త ఎక్కువే ఉంటుంది, ట్యాంకు నింపి కొలిచిందే లెక్క.

కంపెనీ వారంటీ మిగిలి ఉంటే దానికి విలువ కట్టండి. అమెరికాలో 2020 మోడల్ నుంచి టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి పదేళ్లు లేదా లక్షన్నర మైళ్లు ఇస్తోంది. మిగతా దేశాల్లో వేర్వేరు షరతులుంటాయి, వారంటీ నిలవాలంటే ఏటా బ్యాటరీ పరీక్ష చేయించాలన్న షరతు కూడా ఉండొచ్చు. కాగితం చదవండి.

షాక్ కొడుతుందా? నేనే రిపేర్లు చేసుకోవచ్చా?

మామూలుగా వాడితే కొట్టదు. బండి ఆపగానే రిలేలు తెగి బ్యాటరీ విడిపోతుంది. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లున్నాయే, వాటి జోలికి వెళ్లకండి. రెండో తరం ప్రియస్‌లో మోటార్లకు వెళ్లేది 500 వోల్టుల దాకా, మూడో తరంలో 650 దాకా. ఆయిలు, ఫిల్టర్లు, జాలీ శుభ్రం చేసుకోవడం, ఇవి మీరు చేసుకోవచ్చు. నారింజ రంగు కనిపించిన చోట ఆగిపోయి, తెలిసినవాళ్లను పిలవండి. కొనేముందే అలాంటి మెకానిక్ దగ్గర్లో ఉన్నారో లేదో కూడా చూసుకోండి. బండి బాగుండి మెకానిక్ లేకపోతే మొదటి హెచ్చరిక దీపానికే అవస్థ మొదలవుతుంది.

కొన్నాక మొదట ఏం చేయించాలి?

బ్యాటరీ ఫ్యాను, దాని ఫిల్టరు శుభ్రం. ఇంజిన్ ఆయిల్. గేర్‌బాక్స్ ఆయిల్. రెండు కూలెంట్లు, ఇంజిన్‌దీ ఇన్వర్టర్‌దీ. మూడో తరం ప్రియస్ ఇంజిన్ అయితే ఈజీఆర్ కూలర్ విప్పి కడిగించడం. ఇవన్నీ ఒకేసారి చేయించి తేదీ రాసి పెట్టుకోండి, రేపు మీరు అమ్మేటప్పుడు ఆ పుస్తకం పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టే అలవాటు మానుకోండి, న్యూట్రల్‌లో టయోటా హైబ్రిడ్ బ్యాటరీ ఛార్జ్ అవ్వదు.

రెండు మూడు నెలలు ఊళ్లో ఉండను. బండి ఏం చెయ్యాలి?

నీడలో పెట్టండి. వారం పది రోజులకోసారి ఎవరితోనైనా "రెడీ"లో పెట్టించి అరగంట, గంట ఉంచమనండి, కుదిరితే నడపమనండి. ఉత్తినే ఏసీ, లైట్లు వేసి "రెడీ" లేకుండా వదిలేస్తే చిన్న బ్యాటరీ చచ్చిపోతుంది. చూసేవాళ్లు ఎవరూ లేకపోతే 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి వెళ్లండి. డిక్కీలో ఉన్న బ్యాటరీ అయితే విప్పేముందు ఒక్క క్షణం ఆగండి: కొన్ని బళ్లలో కరెంటు లేకపోతే డిక్కీ బయటి నుంచి తెరుచుకోదు. ముందు తలుపు తాళంచెవితో తెరిచి, వెనక సీట్ల మీదుగా పాక్కుంటూ వెళ్లాల్సి వస్తుంది. నేను వెళ్లాను.